మొగుడి పేరు చెప్పని సాక్షి

కెనడాలోని ఎడ్మంటన్‌లో నార్మన్ హెస్కెత్ అనే పేరు ఎంతమందికి తెలుసో గానీ, నార్మన్ తాత బేస్‌మెంట్ అంటే మాత్రం ఆ రోజుల్లో మన పిల్లలందరికీ తెలుసు. పిల్లలు తొలకరి చినుకుల్లా ఒకరి వెనక ఒకరు దిగిపోతున్న కాలం అది. చేతిలో రెండు సూట్‌కేసులు, సూట్‌కేసులో కుక్కరు, గుండెలో గుబులు. కాలేజీ ఎక్కడుందో తెలుసుకోవడం తర్వాత, ముందు తలదాచుకోవడానికి గది దొరికితే చాలు. కూర వాసనొస్తుందని కొందరు ఇల్లివ్వరు, మనవాళ్లలోనే కొందరు ఒక గదిలో ఆరు పరుపులు పరిచి ఇస్తారు. అలాంటప్పుడు యూనివర్సిటీ వెనక వీధిలో ఈ ముసలి తెల్లాయన ఇల్లు. ఇంగువ పోపు వాసన తగిలితే మొహం చిట్లించడం పోయి, కర్ర పట్టుకుని మెట్ల దాకా వచ్చి మరీ పీల్చేవాడు.

పిల్లల్ని ఆ ఇంటికి చేర్చింది సుగుణ. శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట దగ్గర పల్లె ఆవిడది. భర్త రాఘవులు చెయ్యి తిరిగిన వంటవాడు. ఇక్కడి ఇండియన్ హోటల్ వాళ్లు అతన్ని వర్క్ పర్మిట్ మీద తెప్పించుకున్నారు, తర్వాత పీఆర్ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. ఒక్కతే కూతురు, మధుమిత, చదువైపోయి మాంట్రియల్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఊరికే ఇంట్లో కూర్చోవడం సుగుణకి చేతకాదు. నార్మన్ భార్య పోయాక ఇల్లు చూసుకునే మనిషి కావాలంటే, ఆవిడ వెళ్లింది. వండి పెట్టడం, మందులు వేయించడం, మంచు లేని రోజు వీధి చివరిదాకా నడిపించి తీసుకురావడం ఆవిడ పని.

మొదటి రోజు నుంచీ ఆయన్ని దొరగారూ అనే పిలిచింది. ఆ మాటకి అర్థమేమిటని ఆయన అడిగితే, కింద అద్దెకుండే తేజశ్రీ నవ్వాపుకుంటూ చెప్పింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిలుపు వద్దన్నాడు. దొరని దొరా అనకపోతే మరేమంటారని సుగుణ మానలేదు.

తేజశ్రీది కరీంనగర్. కాలేజీకి వెళ్లొచ్చి, కాఫీ షాపులో షిఫ్టు చేసి, మిగిలిన టైములో ఆ ఇద్దరికీ దుబాసీగా ఉండేది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. సుగుణ ఇంగ్లీషు వంటింటి వరకూ బానే నడిచేది. ఉప్పు, టాబ్లెట్, డాక్టర్, స్లోగా నడవండి దొరగారూ. అంతకు మించితే తేజా అని కేక వెయ్యాల్సిందే.

నార్మన్ సంగతి చెప్పుకోవాలంటే, ఇంగ్లండు ఉత్తరాన నూలు మిల్లుల ఊళ్లో పుట్టాడు. తండ్రి మిల్లు కూలీ. పద్దెనిమిదేళ్లు నిండగానే సైన్యంలో పడేశారు. తీరా ఓడ మలయాకి చేరేసరికి యుద్ధమే అయిపోయింది. తుపాకీ పేల్చని సిపాయినని తనమీద తనే జోకులు వేసుకునేవాడు. కానీ యుద్ధం వదిలిపోయిన మురికి కడిగే పని మిగిలింది. జపాన్ వాళ్లు సయాం నుంచి బర్మాకి అడవుల్లోంచి రైలు దారి వేయించారు కదా. దాని కింద నలిగిపోయిన తెల్ల ఖైదీల గురించి లోకమంతా చెప్పుకుంది. రబ్బరు తోటల్లోంచి పశువుల్లా తోలుకుపోయిన తమిళ కూలీల గురించీ తెలుగు కూలీల గురించీ ఎవరు చెప్పుకున్నారు? అయినా అక్కడక్కడ చిన్న చిన్న కోర్టులు పెట్టి, కూలీల్ని చంపిన వాళ్లని విచారించారు. అలాంటి ఒక కోర్టులో తలుపు దగ్గర నిలబడి, పిలిచినప్పుడు సాక్షుల్ని లోపలికి తీసుకెళ్లే డ్యూటీ నార్మన్‌కి పడింది.

అక్కడే ఆయనకి లా పిచ్చి పట్టింది. సైన్యం వదిలాక ఇంగ్లండు వెళ్లి లా చదివాడు. తర్వాత కెనడా వచ్చి ఎడ్మంటన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. రైతుల భూముల తగాదాలు, వీలునామాలు, ఆయిల్ కంపెనీలకి కౌలు కాగితాలు. మనిషి పేరు మోసిన లాయరేమీ కాదు, మంచి లాయరు. డోరతీ అనే టీచరమ్మని పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు కలగలేదు. రిటైరయ్యాక అందరూ గోల్ఫ్ ఆడుకుంటుంటే ఈయన మాత్రం ఆ పాత కోర్టుల రికార్డులు తెప్పించుకుని, కళ్లు పాడుచేసుకుని, ఒక పుస్తకం రాశాడు. చిన్న కోర్టుల్లో జరిగిన యుద్ధ నేరాల విచారణల మీద. అది ఇంటింటా చదివిన పుస్తకం కాదు గానీ, లా కాలేజీ పిల్లలు మాత్రం చదివేవారు. ఏడాదికోసారి వాళ్లు పిలిచి మాట్లాడించుకునేవారు కూడా.

ఆ పుస్తకంలో ఆయనకి బాగా ఇష్టమైన కథ ఒకటుంది. శనివారాలు సుగుణ పకోడీలు వేసిందంటే కింద పిల్లలంతా పైకెక్కేవారు. అప్పుడు ఆయన ఆ కథ ఎత్తుకునేవాడు.

ఒక గార్డు మీద కేసు. కూలీలని వెదురు కర్రతో కొట్టి ఏట్లోకి తోసేశాడని. చూసిన వాళ్లు చాలామంది చచ్చిపోయారు, మిగిలిన వాళ్లు ఎటో వెళ్లిపోయారు. చివరికి ఒక ఆడకూలీ వచ్చింది, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని. తెలుగు ఆవిడ. తెలుగొచ్చిన దుబాసీ దొరకలేదు. ఆవిడకొచ్చిన ముక్కముక్క మలయ్ భాషని ఒక గుమాస్తా ఇంగ్లీషు చేసి చెప్పాడు. నా మొగుణ్ణి వీడే కొట్టి చంపాడు, నేను చూశాను అని చెప్పింది. గార్డుని చూపించింది. అప్పుడు డిఫెన్సు లాయరు లేచి, నీ మొగుడి పేరేమిటి అని అడిగాడు. ఆవిడ తల దించుకుంది. మళ్లీ అడిగాడు, మళ్లీ అంతే. మూడోసారి గట్టిగా అడిగితే, పక్కనున్న పిల్లకేసి చెయ్యి చూపించింది. పిల్ల మొహం చూసి జాలి పడమని అడుగుతోందనుకున్నారు అంతా.

ఇక్కడ నార్మన్ ఆగి, టీ ఒక గుక్క తాగి, ఆ లాయరు గొంతు పెట్టి అనేవాడు. "మీ భర్త పేరే మీకు తెలియదా, మేడమ్?"

పిల్లలు ఘొల్లున నవ్వేవారు. తేజశ్రీ అందరికంటే ఎక్కువ నవ్వేది. పరిహారం ఇప్పిస్తామని ఎవరో ఆశపెట్టి పంపించిన మనిషి అని కోర్టు తేల్చింది. గార్డు మీద ఆ చార్జీ కొట్టేశారు. పుస్తకంలో ఆ అధ్యాయానికి నార్మన్ పెట్టిన పేరు 'అద్దెకొచ్చిన పెళ్లాం'. నీతి కూడా చెప్పేవాడు. చచ్చినవాడి పేరు చెప్పలేని సాక్షి చచ్చినవాణ్ణి ఎరగదు, జాలికి లొంగితే లాయరు చెడతాడు అని. తనని లాయర్ని చేసింది ఆ అబద్ధాల మనిషేనని.

సుగుణ అప్పుడు పొయ్యి దగ్గర ఉండేది. ఏం కథో ఆవిడకి తెలియదు. పిల్లలు నవ్వుతున్నారు, ముసలాయన హుషారుగా ఉన్నాడు, ఆ పూట ఇంకో పకోడీ తింటాడు. అంతే కావలసింది.

రెండు వేల పంతొమ్మిది మొదట్లో యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. ఆ కోర్టులు కళ్లతో చూసిన వాళ్లు లోకంలో ఇంకెందరున్నారు, మీ మాటలు రికార్డు చేసి దాచిపెడతాం అన్నారు. వచ్చే నెలలో వస్తామన్నారు. ఆయన చిన్నపిల్లాడిలా టై వెతుక్కున్నాడు. ఏ కథతో మొదలుపెట్టాలో ఆయనకి ఆలోచించే పనే లేదు.

ఈలోగా జనవరి చలి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. ఒకరోజు మధ్యాహ్నం సుగుణ దొరగారికి సూప్ పోస్తుంటే ఫోన్ మోగింది. ఎవరో తెలియని మనిషి, గబగబా ఇంగ్లీషు. తేజా అని కేకేసి ఫోన్ అందించింది. బస్‌స్టాప్ దగ్గర మంచుగడ్డ మీద ఒకాయన జారి వెల్లకిలా పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది, తెలివి లేదు, జేబులో కార్డు ఆంబులెన్సు వాళ్లు తీసుకున్నారు, ఫోన్లో ఆఖరున మాట్లాడిన నంబరు మీదే, ఆంబులెన్సు ఫలానా హాస్పిటల్‌కి తీసుకెళ్తోంది అని చెప్పి పెట్టేశాడు. పొద్దున కరివేపాకు తెమ్మని రాఘవులికి ఫోన్ చేసింది సుగుణే.

సుగుణ గరిటె పట్టుకునే వాకిట్లోకి పరిగెత్తింది. తేజశ్రీ ఆవిడకి కోటు తొడిగి, కారు పిలిచింది. హ్యాండ్‌బ్యాగ్ వంటింట్లో మేకుకే ఉండిపోయింది. నార్మన్ తనూ వస్తానన్నాడు. ఈ చలిలో ఎందుకు తాతా అని తేజశ్రీ అంటే, హాస్పిటల్ వాళ్లు లాయర్ మాట వింటారని అప్పటికే టోపీ పెట్టేసుకున్నాడు.

హాస్పిటల్ గుమ్మంలో దిగాక, తాత కోసం వీల్‌చెయిర్ వెతకడానికి తేజశ్రీ ఎటో వెళ్లింది. సుగుణ ఆగలేదు. తిన్నగా కౌంటర్ దగ్గరికి పోయింది. కర్ర పోటేసుకుంటూ నార్మన్ వెనక నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ జారిపడ్డ వాళ్లే వస్తున్నారు, కౌంటర్లో అమ్మాయి మొహం అలిసిపోయి ఉంది. పేషెంట్ పేరు అడిగింది.

"మై హస్బెండ్," అంది సుగుణ.

అది కాదు, ఆయన పేరు చెప్పమంది.

సుగుణ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ఈ దేశంలో ఎక్కడ ఎవరు అడిగినా బ్యాగ్‌లోంచి కార్డు తీసి చూపించడం ఆవిడ అలవాటు. చెయ్యి భుజం దగ్గరికి వెళ్లి, బ్యాగ్ లేక ఖాళీగా తిరిగొచ్చింది.

"మధుమిత ఫాదర్," అంది. "షార్ట్ మ్యాన్. మీసం. బ్లూ జాకెట్. హెడ్, బ్లడ్."

ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తింది. పేరు తెలిస్తే తప్ప ఎవరెవరో చెప్పలేనంది. పేరేమిటని మళ్లీ అడిగింది. సుగుణ తన తల మీద చెయ్యి పెట్టి చూపించింది. పక్కకి చూసింది. నార్మన్‌కి మాత్రం ఏం తెలుసు? ఇన్నాళ్లలో ఆవిడ నోట ఆ పేరు ఎప్పుడన్నా వింటే కదా. మా మధు నాన్న అంటుంది, తెల్లవాళ్లతోనయితే మై హస్బెండ్ అంటుంది. ఈయన 'చెఫ్' అని ముద్దుగా పిలిచి ఊరుకున్నాడు.

కౌంటర్ అమ్మాయి చెడ్డదేం కాదు. అర్థం కాక అడిగింది. "మీ భర్త పేరే మీకు తెలియదా, మేడమ్?"

నార్మన్ చేతిలో కర్ర జారి పెద్ద చప్పుడు చేస్తూ కింద పడింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆయన మాత్రం సుగుణనే చూస్తున్నాడు. సుగుణ తల దించుకుని ఉంది. సరిగ్గా అలాగే.

అప్పుడే తేజశ్రీ వీల్‌చెయిర్ తోసుకుంటూ వచ్చింది. సుగుణ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కౌంటర్ దగ్గరికి లాగి, నువ్వు చెప్పమ్మా అంది. ఏం చెప్పాలని తేజశ్రీ అడగలేదు.

"రాఘవులు. పైడి రాఘవులు," అంది.

కంప్యూటర్ కీల చప్పుడు. తలుపు తెరిచారు. సుగుణ లోపలికి పరిగెత్తింది.

బయట బల్ల దగ్గర నార్మన్ వీల్‌చెయిర్లో కూర్చున్నాడు. తర్వాత తేజశ్రీని అడిగాడు, ఆవిడ ఎందుకు చెప్పలేదని. తేజశ్రీ ఫోన్ చూసుకుంటూనే జవాబిచ్చింది. తన నాయనమ్మ కూడా అంతే, పాతకాలం వాళ్లు మొగుడి పేరు నోట పలకరు, పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు, మామూలు రోజైతే సుగుణ ఆంటీ గొణిగేదేమో గానీ ఇవాళ ఆయన ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎలా పలుకుతుంది అని.

మరి చెప్పి తీరాల్సి వస్తే ఏం చేస్తారని ఆయన అడిగాడు.

పక్కవాళ్లతో చెప్పిస్తారు, పిల్లలుంటే పిల్లల్ని చూపిస్తారు, దాన్ని అడగండి అని. అలవాటుగా అనేసి తేజశ్రీ ఫోన్ మీంచి తల ఎత్తింది. శనివారం పకోడీలు, నవ్వులు, కోర్టులో చెయ్యి చూపించిన ఆడమనిషి, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. తాత మొహం సున్నం కొట్టినట్టుంది. చెయ్యి కొంచెం పైకెత్తి, మోకాలి ఎత్తులో ఎవరో పిల్ల నిలబడి ఉన్నట్టు, గాలిలోకి చూపిస్తున్నాడు.

రాఘవులు బతికాడు. తలలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీశారు. మాట మాత్రం మెల్లిగా, వెతుక్కుంటూ వస్తోంది. పప్పులో పోపు గురించి గంట మాట్లాడే మనిషి, మంచినీళ్లు అనడానికి కళ్లు మూసుకుని తడుముకుంటున్నాడు. సుగుణ హాస్పిటల్ కుర్చీ వదల్లేదు. నార్మన్‌కి తేజశ్రీ ఉప్మా చేసి పెడితే ప్లేటు ప్లేటూ అలాగే ఉండిపోయేది. యూనివర్సిటీకి ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, రికార్డింగ్ వద్దనేశాడు.

తేజశ్రీ ఆ బరువు ఎన్నాళ్లు మొయ్యగలదు? హాస్పిటల్ వరండాలో సుగుణకి మొత్తం చెప్పేసింది. కోర్టు, కూలీ మనిషి, పిల్లకేసి చూపించిన చెయ్యి, పుస్తకంలో పెట్టిన పేరు. తను నవ్విన సంగతి కూడా దాచలేదు.

సుగుణ టీ కప్పు పక్కన పెట్టింది. "వాణ్ణేం చేసేరు, ఆ కొట్టినోణ్ణి?"

"ఇడిచిపెట్టిండ్రు ఆంటీ."

సుగుణ లేచి రాఘవులు మంచం దగ్గరికి వెళ్లిపోయింది. మర్నాడు కొంగున కట్టుకున్న నార్మన్ ఇంటి తాళంచెవి విప్పి తేజశ్రీ చేతిలో పెట్టింది, ఇచ్చేయమని. వేరే మనిషిని చూసుకోమను, నేనింక రానని చెప్పమంది. ఇన్నాళ్లూ చేతులారా వండి పెట్టిన మనిషి, తనలాంటి దాన్ని పట్టుకుని అద్దెకొచ్చిన పెళ్లాం అని అచ్చేయించి, ఊరూరా చెప్పి నవ్వించాడు. ఆ నవ్వులకి తోడు తను పకోడీలు వేసింది.

రాఘవులు ఇంటికొచ్చాక విషయం అతనికీ తెలిసింది. వాళ్లావిడ చెప్పలేదు, తేజశ్రీ చెప్పింది. మూడోనాడు సుగుణ అన్నం కలిపి పెడుతుంటే ముద్ద మింగి, మాటల్ని ఒక్కొక్కటే ఏరుకుంటూ అన్నాడు. "నాను పడున్నప్పుడు... నా పేరు... ఎవలు చెప్పేరు?"

తేజ అంది సుగుణ.

"ఆ మడిసికి... చెప్పినోలు లేకపోయేరు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఎల్లు. ఆయనకి... నువ్వు చెప్పు."

వెళ్లింది. తేజశ్రీని వెంట తీసుకుని వెళ్లింది. నార్మన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. సుగుణ కోటు కూడా విప్పలేదు. నిలబడే అడిగింది. కోర్టులో అంతమంది ఉన్నారు కదా, అప్పుడా పిల్ల గుంట ఎక్కడుంది అని.

తేజశ్రీ తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయనకి అర్థమైపోయినట్టుంది.

"నా దగ్గర ఉంది," అన్నాడు.

ఎవరికీ చెప్పని ముక్క అప్పుడు బయటికొచ్చింది. కోర్టు వాళ్లు గద్దించేసరికి పిల్ల ఏడుపు అందుకుంది. దాన్ని బయటికి తీసుకెళ్లమని ఆఫీసరు తలుపు దగ్గరున్న సిపాయికి సైగ చేశాడు. ఆ సిపాయి నార్మనే. వరండాలో మెట్ల మీద కూర్చోబెట్టి ఊరడించాడు. కాసేపటికి పిల్ల ఏడుపు మాని కబుర్లు మొదలుపెట్టింది. ఒకటే కబుర్లు, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. అవునవునని తలూపాడు. లోపల వాళ్లమ్మని నీ మొగుడి పేరేమిటని ఇంకా అడుగుతున్నారు. ఆ పేరు తెలిసిన పిల్ల బయట ఈయన ఒళ్లో ఉంది.

"ఏం చేసేవు దొరా దాన్ని?"

"బిస్కట్ ఇచ్చాను."

సుగుణ గోడకి ఆనుకుంది. తర్వాత నార్మన్ తేజశ్రీకేసి చూస్తూ, రికార్డింగ్ మానేశానని, ఇక ఆ కథ ఎక్కడా చెప్పనని, అది తనతోనే పోతుందని అన్నాడు. తేజశ్రీ తెలుగులో చెప్పింది.

"నువ్వు సస్తే నీతో పోద్దా? అచ్చేశావు గదా," అంది సుగుణ. "అద్దె పెళ్లాం అని అచ్చేసినోడివి, కాదని కూడా నువ్వే చెప్పాల. ఎవలి కాడ చెప్పేవో ఆలందరికీ."

ఇన్నేళ్లూ మీరు అన్న మనిషి ఆ రోజు నువ్వు అంది. ఇంగ్లీషులో ఆ తేడా కనిపించదు కనక తేజశ్రీ అంతవరకూ తన దగ్గరే ఉంచుకుంది. మిగతాది ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన తప్పి ఉన్న చొక్కా బొత్తాలు సరిచేసుకున్నాడు. మాటలో తప్పులు పట్టడం, వాదించడం జీవితమంతా చేసిన మనిషి. తెలుగొచ్చిన దుబాసీ లేడు, తనకి పంతొమ్మిదేళ్లు, ఆర్డరు ఇచ్చింది ఆఫీసరు అని చెప్పుకోవచ్చు. ఒక్కటీ అనలేదు. యూనివర్సిటీకి చెయ్యాలి, ఫోన్ ఇటివ్వమన్నాడు. సుగుణ కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఫ్రిజ్‌లో ఏముందో చూసింది.

రికార్డింగ్‌కి వచ్చింది ఒక చిన్నమ్మాయి, లా చదువుతోందట. ముందుగదిలో కెమెరా, మైకు పెట్టుకుంది. ఆయన పుస్తకం అట్ట చిరిగేదాకా చదివినట్టుంది, అందులో చీటీలు. ఆ అధ్యాయమంటే నాకెంతో ఇష్టం, దాంతోనే మొదలుపెడదామా అంది. పాపం ఆ పిల్లకేం తెలుసు.

నార్మన్ టై సర్దుకున్నాడు. ఆ అధ్యాయం అబద్ధమని మొదలుపెట్టాడు. సాక్షి నిజం చెప్పింది, మేం అడగడం తెలియక అబద్ధం చేశామన్నాడు. వరండా సంగతీ బిస్కట్ సంగతీ దాచకుండా చెప్పాడు. ఆ అమ్మాయి చీటీలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా వింది. వంటింటి గుమ్మంలో సుగుణ, ఆవిడ పక్కన తేజశ్రీ.

అంతా అయ్యాక ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది. "ఇంతకీ ఆ చనిపోయినాయన పేరేమిటి?"

అదే ఎవరికీ తెలియదు. రికార్డులో ఆ గడి ఖాళీ. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ పిల్ల అంతసేపు మాట్లాడింది, అందులో ఎక్కడో ఒకచోట ఆ పేరు ఉండే ఉంటుంది, తన చెవిన పడే ఉంటుందన్నాడు. కళ్లు తెరవకుండానే సుగుణని పిలవమన్నాడు. ఆవిడ ప్రాంతాల నుంచి మలయా వెళ్లిన వాళ్ల పేర్లు ఎలా ఉంటాయో ఒక్కొక్కటీ చెప్పమన్నాడు. ఏదన్నా తగులుతుందేమో.

సుగుణకి అలాంటి పేర్లు కొత్త కాదు. వాళ్ల ఊళ్లో ప్రతి నాలుగో ఇంట్లోనూ బర్మాలో రంగానికో, మలయా రబ్బరు తోటలకో వెళ్లి తిరిగిరాని ముత్తాత ఒకడున్నాడు. ముందుకొచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుని నిలబడింది. కెమెరా అమ్మాయి మైకు ఆవిడకేసి తిప్పింది.

"సింహాచలం," అంది సుగుణ.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సూరయ్య. గవరయ్య. లచ్చన్న."

లేదు.

"అప్పన్న."

ఆయన వేళ్లు కుర్చీ చేతిని బిగించి పట్టుకున్నాయి. మళ్లీ చెప్పమన్నాడు. అప్పన్న అని సుగుణ మళ్లీ చెప్పింది. ఇదే కదా తాతా అని తేజశ్రీ నోటిదాకా వచ్చింది. ఆయన పెదాలు ఆ పేరుని కూడబలుక్కున్నాయి. ఒకసారి, రెండోసారి. తర్వాత కళ్లు తెరిచాడు. తడిగా ఉన్నాయి.

"లేదు," అన్నాడు. "ఇదే అయితే బాగుండునని నాకుంది. నాకు కావాలని ఉండడం సాక్ష్యం కాదు. రాసుకోకండి."

తేజశ్రీ ఆ మాట తెలుగులో చెప్పడానికి కొంచెం తడబడింది. సుగుణ విని, ఆయనకేసి ఒక చూపు చూసింది. రోజూ మందు మింగాడో లేదో చూసే చూపే అది. అరచేత్తో ఆయన భుజం మీద మడతపడ్డ స్వెట్టర్ సరిచేసింది.

"ఉండండి దొరగారూ, ఇంకా ఉన్నాయి," అంది.

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. సుగుణ మళ్లీ అందుకుంది. పైడితల్లి, రామినాయుడు, ఎర్రయ్య, నారాయుడు. ఒక్కో పేరు తర్వాత ఆగి ఆయన మొహం చూసి, తల అడ్డంగా ఊగాక ఇంకోటి చెప్పింది. కూర్మయ్య, పోలయ్య, దాలయ్య. ఇంకో పేరు ఆవిడ పెదాల మీదికొచ్చింది, వాళ్ల వైపు ఇంటికొకరికి ఉండే పేరే, వాళ్లింట్లోనూ ఉంది. అక్కడ ఆగింది. తల కొంచెం దించి, దాన్ని దాటేసి, "తవిటయ్య," అంది.

ఆ ఆగడం తేజశ్రీకి తెలిసింది. కళ్లు మూసుకునే ఉన్నా నార్మన్‌కీ తెలిసింది. ఆ ఖాళీ దగ్గర కూడా ఆయన తల ఊపలేదు, ఆవిడ మళ్లీ మొదలుపెట్టేదాకా కదలకుండా కాచుకున్నాడు. మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.